పాత టెండర్ సిస్టమ్ ఆపే రోజు దగ్గర పడుతోందా? ముందు ఇవి చూసుకోండి

నగర పాలక సంస్థలో కొనుగోళ్ల సిస్టమ్ మారుతోందంటే అందరి కళ్లూ కొత్త స్క్రీన్ మీదే ఉంటాయి. రంగులు బాగున్నాయా, మొబైల్‌లో తెరుచుకుంటోందా, ప్రారంభోత్సవం ఎప్పుడు అని అడుగుతుంటారు. నా భయం మాత్రం ఎప్పుడూ మరోచోట ఉంటుంది. పాతది ఆపేసి కొత్తది కుదురుకునే లోపు, మురుగుకాలువలు శుభ్రం చేయించే చిన్న కాంట్రాక్టర్ బిల్లు ఎక్కడ ఇరుక్కుంటుందా అని. పెద్ద కంపెనీ రెండు మూడు నెలలు ఓర్చుకుంటుంది. పదిమంది కూలీలకు వారం వారం డబ్బులివ్వాల్సిన మనిషి ఓర్చుకోలేడు. అప్పు చేస్తాడు, తర్వాత ఆ నగరం టెండర్ల వైపే చూడడు. అలాంటివాళ్లు తప్పుకుంటే పోటీ తగ్గుతుంది, ధర పెరుగుతుంది. పోటీ పెంచడానికి తెచ్చిన సిస్టమే పోటీని చంపినట్టవుతుంది.

అందుకే ఈ జాగ్రత్తలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూనే రాస్తున్నాను: మారే కాలంలో పని చేసినవాడికి డబ్బు ఆగకుండా ఏం చేయాలి?

ముందు ఒక ఫైలు వెంట నడవండి

సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందే చేయాల్సిన పని ఇది. ఈ మధ్యే పూర్తయిన ఒక మామూలు కొనుగోలు తీసుకోండి, ఒక పైపులైను మరమ్మతు అనుకుందాం. అవసరం ఉందని మొదటి కాగితం పుట్టిన రోజు నుంచి ఆఖరి చెల్లింపు రోజు వరకు ఆ ఫైలు ఏయే బల్లల మీద ఎన్ని రోజులుందో రాయండి. పని జరిగిన రోజులు ఒక రంగులో, ఊరికే పడి ఉన్న రోజులు మరో రంగులో గుర్తు పెట్టండి. రెండో రంగే ఎక్కువ కనిపిస్తుంది. ఆ ఆలస్యానికి మందు కంప్యూటర్ కాదు. ఒక ఫైలుకు పద్నాలుగు సంతకాలు కావాలనుకుందాం, వాటిని అలాగే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే పద్నాలుగు క్లిక్కులవుతాయి, అంతే.

ఏ సంతకం తీసేయవచ్చో తేల్చాక, అది ఎవరి చేతిలో ఉందో చూడండి. అధికారి ఉత్తర్వుతో పోయేది ఒకటి, కౌన్సిల్ తీర్మానం కావాల్సింది ఇంకొకటి, పై ప్రభుత్వం చట్టం మార్చాల్సింది మరొకటి. నిబంధన మారడానికి పట్టే కాలం సాఫ్ట్‌వేర్ రాయడానికి పట్టే కాలం కంటే ఎక్కువ ఉంటుంది. కాబట్టి మొదటి రోజే దాన్ని కదపాలి. గో-లైవ్‌కి, అంటే కొత్త సిస్టమ్ వాడకంలోకి వచ్చే రోజుకు, నెల ముందు గుర్తొస్తే అప్పుడు పాత నిబంధనకు తగ్గట్టు కొత్త సాఫ్ట్‌వేర్‌ను వంచడం మొదలవుతుంది. అక్కడే ఖర్చు అదుపు తప్పుతుంది.

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్‌లో జరిగింది ఇదే. ఆర్థిక, కొనుగోళ్ల వ్యవహారాల కోసం వాళ్లు పాత సిస్టమ్ వదిలి ఒరాకిల్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు మారారు. ఉన్న సాఫ్ట్‌వేర్‌కు తగ్గట్టు తమ పద్ధతులు మార్చుకోవాలన్నది మొదటి ఆలోచన. నడుస్తూ నడుస్తూ అది తిరగబడి, తమ పద్ధతులకు తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌ను మార్చడం మొదలైంది. 2022 ఏప్రిల్‌లో గో-లైవ్ చేశారు. బ్యాంకులో పడిన డబ్బునూ పుస్తకంలోని లెక్కనూ జతపరిచే భాగం సరిగా పనిచేయలేదు, లెక్కలు తేలలేదు. మొదట సుమారు 2 కోట్ల పౌండ్లు అనుకున్న ఖర్చు అంచనా తర్వాత 10 కోట్ల పౌండ్లు దాటింది. 2023 సెప్టెంబరులో ఆ కౌన్సిల్ చట్టప్రకారం తప్పనిసరి అయిన సేవలు తప్ప కొత్త ఖర్చులన్నీ ఆపేస్తున్నట్టు అధికారిక నోటీసు ఇచ్చింది. దానికి సమాన వేతనాల బకాయిలు పెద్ద కారణం, ఈ సిస్టమ్ భారం మరో కారణం.

మన ప్రాజెక్టులో ఎవరైనా “మా డిపార్ట్‌మెంట్ పద్ధతి వేరు, దానికి తగ్గట్టు మార్చండి” అంటే అలాంటి ప్రతి కోరికనూ ఒక పట్టీలో రాయించండి. దాని పక్కన ఖర్చు, దాన్ని ఒప్పుకున్నవారి పేరు కూడా ఉండాలి. పేరు రాయాల్సి వచ్చేసరికి సగం కోరికలు వాటంతటవే తగ్గుతాయి.

ప్రాజెక్టు కాంట్రాక్టును కూడా ఒక టెండర్‌లాగే చూడండి

కొనుగోళ్లు బాగుచేసే ప్రాజెక్టును పాత పద్ధతిలోనే కొనాల్సి వస్తుంది. ఆ పద్ధతిలో ఏ లోపాలున్నాయో అవన్నీ మొదట ఈ ప్రాజెక్టుకే అంటుకుంటాయి.

న్యూయార్క్ నగరం ఉద్యోగుల పనిగంటల నమోదు కోసం సిటీటైమ్ అనే ప్రాజెక్టు చేపట్టింది. 1998లో అంచనా 6.3 కోట్ల డాలర్లు. చివరికి అది 70 కోట్ల డాలర్ల దగ్గరకు చేరింది. మధ్యలో 2006లో కాంట్రాక్టు తీరు మారింది. నిర్ణీత ధరకు పని అప్పగించాల్సిన ఒప్పందం, పెట్టిన మనుషులకూ గంటలకూ చెల్లించే ఒప్పందంగా మారింది. ఖర్చు పెరిగితే భరించాల్సిన బాధ్యత కాంట్రాక్టర్ నుంచి నగరం నెత్తికెక్కింది. నాణ్యత చూడమని నగరం పెట్టుకున్న కన్సల్టెంటే ముడుపుల కేసులో దోషిగా తేలాడు. 2012లో ప్రధాన కాంట్రాక్టర్ సుమారు 50 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

ఇది చదివి “గంటల లెక్క కాంట్రాక్టే తప్పు” అనుకోవద్దు. పని చిన్న ముక్కల్లో ఉండి, రెండు మూడు వారాలకోసారి నడిచే సాఫ్ట్‌వేర్ కళ్లముందు కనబడుతూ, నచ్చకపోతే ఆపే హక్కు నగరం చేతిలో ఉంటే గంటల లెక్క కూడా బాగానే నడుస్తుంది. ఏళ్ల తరబడి సాగే పెద్ద పనిని గంటల లెక్కన అప్పగించి, చూసేవాడు లేకుండా వదిలేయడమే ప్రమాదం. కాబట్టి సంతకానికి ముందు నాలుగు విషయాలు రాతలో ఉన్నాయో లేదో చూసుకోండి. డేటా నగరానిదే అని, అడిగిన రోజు మామూలుగా చదవగలిగే ఫైళ్లలో ఇవ్వాలని ఉందా? నగరం డబ్బుతో రాసిన కోడ్ నగరానికి దక్కుతుందా? కంపెనీ మారితే కొత్తవాళ్లకు పని అప్పగించడానికి ఎన్ని నెలలు సహకరించాలి? పర్యవేక్షకుడు ఎవరికి రిపోర్ట్ చేస్తాడు? ఈ ఆఖరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రాజెక్టు నడిపే అధికారికే పర్యవేక్షకుడూ రిపోర్ట్ చేస్తే చెడు వార్త ఆ గది దాటి బయటకు రాదు.

తేదీ దగ్గర మొహమాటం వద్దు

ఆర్థిక సంవత్సరం చివరి రెండు నెలల్లో గో-లైవ్ పెట్టకండి. మిగిలిన బడ్జెట్ ఖర్చు చేయాలని ప్రతి డిపార్ట్‌మెంటూ ఫైళ్లు తోసేది అప్పుడే, బిల్లులు కుప్పపడేది అప్పుడే. ఎన్నికల ముందూ వద్దు, అత్యవసర పనులు ఎక్కువగా వచ్చే వాతావరణ కాలంలోనూ వద్దు. ఇవన్నీ తీసేస్తే ఏడాదిలో మిగిలేది నాలుగైదు నెలలే. ఉన్నవి అవే.

వాయిదా వేసే నిర్ణయం ఎవరిదో, ఏ పరీక్ష ఫెయిలైతే వాయిదా పడుతుందో ముందే రాసి పెట్టుకోండి. తేదీ ప్రకటించాక, ఆహ్వానాలు వెళ్లాక “ఇంకా సిద్ధంగా లేదు” అనే ధైర్యం ఎవరికీ ఉండదు. మూడు నెలల ముందు ప్రశాంతంగా రాసుకున్న కాగితమే ఆ రోజు ఆ మాట అంటుంది. నా మటుకు నేను ఒక్క పరీక్షను మాత్రం తప్పనిసరి అంటాను. అసలు బిల్లుల్లాంటి ఒక వంద బిల్లులను కొత్త సిస్టమ్‌లో మొదటి నుంచి బ్యాంకు ఆదేశం వరకు నడిపించాలి. వందకు వందా పాత లెక్కతో సరిపోలాలి. తొంభై ఎనిమిది సరిపోయాయంటే ఇంకా సిద్ధం కాలేదనే అర్థం.

మారే వారంలో ఏ టెండర్ గడువూ ముగియకుండా చూడండి. మామూలు రోజుల్లో కూడా ఎక్కువమంది బిడ్లు ఆఖరి గంటలోనే వేస్తారు. సర్వర్ మొరాయించేదీ అప్పుడే. అది మొరాయిస్తే గడువు ఎంత పెరుగుతుందో, ఆ సంగతి అందరికీ ఎలా తెలియజేస్తారో టెండర్ ప్రకటనలోనే రాయాలి. గడువు అయ్యాక ఫోన్ మీద నిర్ణయిస్తే ఎవరో ఒకరికి మేలు చేశారన్న నింద తప్పదు. కోర్టు దాకా వెళ్తే నిలబడదు కూడా. గడువు లెక్కించేది సర్వర్ గడియారమని, అది పేజీ మీద కనబడుతూ ఉండాలని మరిచిపోవద్దు.

ఇంకొక చిన్న విషయం, చాలామందికి తట్టదు. బిడ్లు తెరవాల్సిన అధికారుల డిజిటల్ సంతకాల గడువు ఎప్పుడు తీరుతుందో చూసుకోండి. సీల్ చేసిన బిడ్‌ను ఏ అధికారుల పేరున మూశారో వాళ్ల దగ్గరున్న డిజిటల్ తాళంచెవి ఉంటేనే తెరవగలం. ఆ అధికారి బదిలీ అయినా, సెలవులో ఉన్నా, సంతకం గడువు తీరినా బిడ్లు లోపలే ఉండిపోవచ్చు. ఉత్తుత్తి టెండర్ ఒకటి పెట్టి, ఒక అధికారి లేడనుకుని తెరిచి చూడండి.

పాత డేటా, కొత్త మోసాలు

కాంట్రాక్టర్ల జాబితా యథాతథంగా కొత్త సిస్టమ్‌లోకి పోయకండి. ఒకే సంస్థ మూడు స్పెల్లింగులతో మూడుసార్లు ఉంటుంది. వాటిలో ఒకదానికి పాత బ్యాంకు ఖాతా తగిలించి ఉంటుంది. డబ్బు దానికి వెళ్లిందంటే వెనక్కి తేవడం నరకం. ప్రభుత్వం ఇచ్చిన పన్ను నంబరు లేదా రిజిస్ట్రేషన్ నంబరు ఆధారంగా ఒక్కొక్కరికి ఒక్కటే గుర్తింపు ఉండేలా శుభ్రం చేయండి. ఇది విసుగు పుట్టించే పని, వారాలు పడుతుంది. ఆ వారాలను ప్రణాళికలో ముందే పెట్టుకోండి.

మోసగాళ్లు కాచుకుని ఉండేది కూడా ఈ మార్పిడి కాలం కోసమే. “మీ కొత్త సిస్టమ్ కోసం మా కొత్త బ్యాంకు ఖాతా వివరాలు ఇవిగో” అంటూ అసలు కాంట్రాక్టర్ పేరుతో ఈమెయిల్ వస్తుంది. అందరూ వివరాలు మారుస్తున్న రోజులు కాబట్టి అనుమానం రాదు. ఖాతా మార్పు అడిగితే, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా మీ పాత రికార్డులో ఉన్న నంబరుకే ఫోన్ చేసి అడగాలి. మార్చేవారు ఒకరు, ఆమోదించేవారు ఇంకొకరు ఉండాలి. ఎంత పైఅధికారి తొందరపెట్టినా ఈ రెండూ సడలించకూడదు.

నడుస్తున్న కాంట్రాక్టుల్లో అన్నిటినీ మార్చాల్సిన పని లేదు. నెలా రెండు నెలల్లో అయిపోయేవాటిని పాత సిస్టమ్‌లోనే ముగించనివ్వండి. మార్చేవాటికి మాత్రం ఇప్పటివరకు ఎంత చెల్లించారు, బిల్లుల్లోంచి ఎంత నిలిపి ఉంచారు, ధరావతు ఎంత ఉంది, బ్యాంకు గ్యారంటీ ఏ తేదీతో ముగుస్తుంది అన్నవి జాగ్రత్తగా ఎక్కించాలి. ఇవి చాలాచోట్ల కంప్యూటర్‌లోనే ఉండవు. బీరువాలో కాగితాలుగా ఉంటాయి. గ్యారంటీ తేదీ ఎవరూ చూడక ముగిసిపోతే, పని మధ్యలో వదిలేసిన కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవడానికి నగరం చేతిలో ఏమీ మిగలదు.

ప్రతి కొనుగోలుకూ పుట్టుక నుంచి చివరిదాకా ఒకటే నంబరు ఉండాలని పట్టుబట్టండి. ప్రభుత్వ కొనుగోళ్ల సమాచారాన్ని ఎలా ప్రచురించాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం, 2014లో విడుదలైన ఓపెన్ కాంట్రాక్టింగ్ డేటా స్టాండర్డ్ అడిగేది ఇదే. ప్రణాళిక, టెండర్, ఎంపిక, ఒప్పందం, అమలు, ఈ ఐదు దశల సమాచారాన్నీ ఒకే గుర్తింపు సంఖ్యతో కలుపుతుంది. అది లేకపోతే టెండర్ ఒక నంబరుతో, ఒప్పందం మరో నంబరుతో, బిల్లు ఇంకో నంబరుతో ఉంటాయి. ఒప్పుకున్న ధరకూ చివరికి చెల్లించిన ధరకూ ఎంత తేడా ఉందో పౌరులకే కాదు, కమిషనర్‌కు కూడా తెలియదు.

మనుషుల సంగతి

సిబ్బందికి శిక్షణ ఇస్తారు. కాంట్రాక్టర్లకు ఇచ్చేవాళ్లు తక్కువ. చిన్న కాంట్రాక్టర్లను ఐదారుగురిని కూర్చోబెట్టి, పక్కన ఎవరూ చెప్పకుండా రిజిస్టర్ చేసుకోమనండి. ఎక్కడ ఆగిపోతారో చూసి ఆ పేజీ మార్పించండి. ఉక్రెయిన్ 2015లో పైలట్‌గా మొదలుపెట్టిన ప్రొజోరో అనే ఆన్‌లైన్ కొనుగోళ్ల సిస్టమ్‌ను 2016 ఆగస్టు నాటికి ఒక నిర్ణీత విలువ దాటిన ప్రభుత్వ కొనుగోళ్లన్నిటికీ తప్పనిసరి చేసింది. ఒకేసారి అందరి మీదా రుద్దకుండా ముందు కొందరితో నడిపి, తర్వాత విస్తరించింది. ఆ వరసే మంచిది. ముందు ఒక డిపార్ట్‌మెంట్, చిన్న విలువ కొనుగోళ్లు, ఆ తర్వాతే మిగతావి.

అత్యవసర కొనుగోళ్లకు కాగితం దారి తెరిచే ఉంచండి. నీటి పైపు పగిలిన రాత్రి లాగిన్ పనిచేయకపోతే ఎవరి సంతకంతో పని మొదలుపెట్టవచ్చో, తర్వాత ఎన్ని రోజుల్లో సిస్టమ్‌లో నమోదు చేయాలో ఒక పేజీలో రాసి అందరికీ ఇవ్వండి. ఆ దారి ఎప్పుడు మూసేస్తారో కూడా అందులోనే ఉండాలి. లేకపోతే అన్నీ అత్యవసరాలే అవుతాయి.

గో-లైవ్ తర్వాతి నెల

ఇల్లు అలకగానే పండగ కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ మంచి మనుషులు మొదటి వారం తర్వాత వెళ్లిపోతారు. అసలు ప్రశ్నలు మొదటి నెలాఖరు బిల్లులతో వస్తాయి. వాళ్లు కనీసం రెండు నెలాఖరులు చూసేదాకా ఉండాలని కాంట్రాక్టులో రాయండి. పాత సిస్టమ్‌ను చెరిపేయకుండా, చూడటానికి మాత్రమే వీలుగా ఉంచండి. ఆడిట్‌వాళ్లు అడిగేది ఎక్కువగా అందులోదే.

ఏం మారిందో తెలియాలంటే పాత అంకెలు ఇప్పుడే తీసి పెట్టుకోవాలి. బిల్లు ఇచ్చిన రోజు నుంచి డబ్బు పడిన రోజు వరకు ఎన్ని రోజులు, ఒక్కో టెండర్‌కు ఎంతమంది పోటీపడ్డారు, ఒకే ఒక్క బిడ్ వచ్చిన టెండర్లు వందలో ఎన్ని, మొదటిసారి గెలిచినవారు ఎందరు. ఈ నాలుగు చాలు. పాత సిస్టమ్ ఆగిపోయాక వీటిని వెతకడం మొదలుపెడితే దొరకవు.

మొదటి రోజు సాయంత్రం ప్రాజెక్టు గదిలో కూర్చోవద్దు. ఆ రోజు దాఖలైన అతి చిన్న బిల్లు నంబరు రాసుకుని, రోజూ ఉదయం అది ఎక్కడుందో చూడండి. డబ్బు పడిందని సిస్టమ్ చూపించిన రోజున ఆ కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి, నిజంగా పడిందా అని అడగండి.