మసాలా వింటర్ ఏల్‌ని విశాఖలో రుచి చూడటం ఎలా

మసాలా వేసిన వింటర్ ఏల్ అనే చలికాలపు బీరు గ్లాసులో పడగానే చాలామంది ఒక్కసారి వాసన చూసి "బిర్యానీ మసాలా" అనేస్తారు. లవంగం, దాల్చిన చెక్క, యాలకులు చిన్నప్పటి నుంచీ తెలిసిన ముక్కు కాబట్టి వాటినే పట్టుకుని అక్కడే ఆగిపోతుంది. ఈ బీరులో ముందు చూడాల్సింది మసాలాని కాదు, మాల్ట్‌ని. మొలకెత్తించి వేయించిన బార్లీ ఇచ్చే తీపి, రంగు, చిక్కదనం గట్టిగా ఉంటేనే మసాలా దాని మీద నిలబడుతుంది. మాల్ట్ పల్చగా ఉంటే ఎంత మంచి లవంగం వేసినా అది కషాయంలాగే ఉంటుంది. అందుకే కింద చెప్పే పద్ధతంతా ముందు బీరు, తర్వాత మసాలా అన్న వరుసలోనే నడుస్తుంది.

చల్లదనం

ఇది చలి దేశాల్లో క్రిస్మస్ రోజుల కోసం తయారు చేసే బీరు. ఆల్కహాల్ సాధారణంగా 6 శాతం పైనే. అక్కడ చల్లటి గదిలో ఉంచిన సీసాని నేరుగా తెరవొచ్చు. విశాఖలో డిసెంబరు సాయంత్రం కూడా ఇంట్లో 24, 26 డిగ్రీలు ఉంటుంది కాబట్టి ఫ్రిజ్ తప్పదు. అయితే ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే సగం రుచి పోయినట్టే. 4 డిగ్రీల దగ్గర వాసన పైకి లేవదు, నాలుక మొద్దుబారుతుంది, గ్యాస్ గుచ్చడం ఒక్కటే తెలుస్తుంది.

330 మిల్లీలీటర్ల సీసాని బయటికి తీసి 20 నిమిషాలు బల్ల మీద ఉంచితే సుమారు 8 డిగ్రీలకు వస్తుంది. అక్కడ మొదలుపెట్టి, గ్లాసులో నెమ్మదిగా వేడెక్కనివ్వండి. 11 నుంచి 13 డిగ్రీల మధ్య మాల్ట్, మసాలా రెండూ విడివిడిగా తెలుస్తాయి. 16 దాటితే ఆల్కహాల్ ఘాటు అన్నిటినీ కప్పేస్తుంది. వంటగది థర్మామీటర్ ఉంటే గ్లాసులో ముంచి చూసుకోండి. త్వరపడి సీసాని వేడినీళ్లలో పెట్టకండి, మూత తీయగానే నురగంతా పొంగి గ్యాస్ పోతుంది.

గ్లాసు, గది

అంచు దగ్గర కాస్త మూసుకునే గ్లాసు కావాలి. ట్యూలిప్ గ్లాసు లేకపోతే వైన్ గ్లాసు సరిపోతుంది. ఫ్రీజర్‌లో పెట్టిన మగ్గు మాత్రం వద్దు. మన తేమ గాలికి దాని మీద నీళ్లు పట్టి రంగు కూడా కనబడదు. జిడ్డు ఉందేమో చూడాలంటే గ్లాసుని తడిపి లోపల ఉప్పు చల్లండి. అంతటా సమంగా అంటుకుంటే శుభ్రం. అక్కడక్కడా జారిపోతే నూనె ఉన్నట్టు, అందులో నురగ నిలవదు. అప్పుడు మళ్లీ కడిగి, గుడ్డ తగలనివ్వకుండా బోర్లించి ఆరబెట్టండి.

బీచ్ రోడ్డు వైపు బాల్కనీ కబుర్లకి బాగుంటుంది గానీ రుచి చూడటానికి పనికిరాదు. సముద్రపు గాలి గ్లాసు మీది వాసనని ఎత్తుకుపోతుంది. లోపల కూర్చుని ఫ్యాను ఆపండి. అగరబత్తి, దోమల కాయిల్, సెంటు దగ్గర్లో ఉండకూడదు. పచ్చడి మెతుకులు తిన్న నోటితోనూ వద్దు, కనీసం గంట ఆగండి. నోరు శుభ్రం చేసుకోవడానికి చల్లనివి కాని మంచినీళ్లు, ఉప్పు లేని మరమరాలు చాలు.

మసాలాలని ముందే ముక్కుకి గుర్తు చేయడం

ఈ పని చాలామంది వదిలేస్తారు, కానీ దీనివల్ల వచ్చే లాభం ఎక్కువ. పూర్ణా మార్కెట్‌లోనో వీధి చివరి కిరాణా కొట్లోనో అన్నీ దొరుకుతాయి: 2 లవంగాలు, అంగుళం దాల్చిన చెక్క, చిటికెడు తురిమిన జాజికాయ, 2 దంచిన యాలకులు, ఒక పచ్చి అల్లం ముక్క, చిటికెడు శొంఠి, తెల్లపొర తీసేసిన కమలా తొక్క. ఒక్కోదాన్ని 100 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లలో వేసి, మూతపెట్టి 10 నిమిషాలు ఉంచండి. వరసగా వాసన చూసి, గిన్నెలన్నీ పక్క గదిలో పెట్టేయండి. బీరులో ఏదైనా అంతుపట్టకపోతే అక్కడికి వెళ్లి పోల్చుకుని రావచ్చు.

మన కొట్లలో దాల్చిన చెక్క పేరుతో ఎక్కువగా అమ్మేది కాసియా అనే మందపాటి రకం. దాని ఘాటు ఎక్కువ. శ్రీలంక చెక్క పల్చటి పొరలుగా చుట్టుకుని ఉంటుంది, వాసన మెత్తన. విదేశీ సీసాల్లో తరచూ పడే ఆల్‌స్పైస్ మన పోపుల డబ్బాలో ఉండదు. జమైకా ప్రాంతపు ఈ కాయలోనూ లవంగంలో వాసననిచ్చే యూజెనాల్ అనే పదార్థమే ప్రధానం. కాబట్టి లవంగం, జాజికాయ, దాల్చిన చెక్క మూడూ విడదీయలేనట్టు వస్తుంటే ఆల్‌స్పైస్ వేశారేమోనని అనుమానించండి.

గ్లాసులో పోశాక

సీసా అడుగున ఈస్ట్ మడ్డి ఉంటే ముందు రోజంతా నిలువుగా ఉంచి, పోసేటప్పుడు చివరి సెంటీమీటరు వదిలేయండి. ఒక్కొక్కరికి 100 మిల్లీలీటర్లు పోయండి. రంగు, నురగ ఒకసారి చూస్తే చాలు, వాటి మీద ఎక్కువసేపు గడపక్కర్లేదు.

మూడు చిన్న పీల్పులు పీల్చి, మసాలా కానివి ముందు రాయండి: అనకాపల్లి బెల్లం పాకం, ఖర్జూరం, ఎండుద్రాక్ష, కాల్చిన రొట్టె, కోకో. వీటిలో రెండైనా దొరికాకే మసాలా వైపు వెళ్లండి. మొదటి గుక్క నోరు తడపడానికే. రెండో గుక్కని అయిదు సెకన్లు నాలుక మీద తిప్పి మింగి, నోరు మూసుకుని ముక్కులోంచి గాలి వదలండి. జాజికాయ, కమలా తొక్క ఎక్కువగా ఇక్కడే బయటపడతాయి. ఉమ్మేయకండి, చేదు, వెచ్చదనం మింగాకే పూర్తిగా తెలుస్తాయి.

వెచ్చదనం మూడు రకాలు. అల్లం, మిరియం నాలుక మీద, గొంతులో చురుక్కుమంటాయి. ఆల్కహాల్ మింగిన తర్వాత ఛాతీలోకి దిగుతుంది. దాల్చిన చెక్క నోట్లో తీయటి మంటగా మిగులుతుంది. ఇక లవంగం దగ్గర ఒక చిక్కుంది. బెల్జియం రకం ఈస్ట్‌లు కొన్ని పులిసేటప్పుడే లవంగం వాసన పుట్టిస్తాయి. అరటిపండు వాసన కూడా తోడుగా ఉండి, నాలుక తిమ్మిరెక్కకపోతే అది చాలావరకు ఈస్ట్ పనే.

ఏది తప్పు, ఎందుకు

నాలుక తిమ్మిరెక్కితే లవంగం మోతాదు మించింది. 20 లీటర్ల బీరుకి నాలుగైదు లవంగాలు చాలు. నోరు పిడచగట్టుకుపోయి చెక్క నమిలినట్టుంటే దాల్చిన చెక్కని ట్యాంకులో ఎక్కువ రోజులు వదిలేశారు, లేదా కమలా తొక్కని తెల్లపొరతో వేశారు. వెన్న వాసన వస్తే పులియడం పూర్తికాకముందే చల్లబరిచి ఉంటారు, లేదా పీపాలోంచి బీరు వచ్చే టాప్ గొట్టాలు శుభ్రంగా లేవు. పచ్చి ఆపిల్ వాసన లేత బీరుకి గుర్తు. పుల్లటి వెనిగర్ వాసన వస్తే బాక్టీరియా చేరింది. తడి అట్టపెట్టె వాసన ఆక్సిజన్ వల్ల వస్తుంది. మన వేసవిలో గోడౌన్‌లో మగ్గిన సీసాల్లో ఇది త్వరగా పుడుతుంది, మసాలా వాసన కూడా అప్పటికే వెలిసిపోయి ఉంటుంది. ఆకుపచ్చ, తెల్ల సీసాలు వెలుతురు తగిలితే కంపు కొడతాయి, వాటిని షాపులో ముందువరస నుంచి తీసుకోకండి.

అక్కడికక్కడే బీరు తయారు చేసి పోసే మైక్రో బ్రూవరీలో అయితే ముందు చిన్న శాంపిల్ అడగండి, గ్లాసు అంచుకి చక్కెర, దాల్చిన పొడి పూయొద్దని చెప్పండి. మసాలా ఎప్పుడు వేశారో కూడా అడగండి. మరిగే చివరి నిమిషాల్లో వేస్తే రుచి ఉడికి మెత్తబడుతుంది. వోడ్కాలో నానబెట్టి ట్యాంకులో కలిపితే పచ్చిగా, పైకి కొట్టొచ్చినట్టు ఉంటుంది. అది తప్పు కాదు గానీ మాల్ట్ తక్కువగా ఉన్న బీరుని అలా దాచేయొచ్చు.

8 శాతం ఏల్ 330 మిల్లీలీటర్లలో 26 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. అంటే 5 శాతం ఉండే మామూలు లాగర్ బీరు అర లీటరులో ఉండే దాని కన్నా ఎక్కువ. ముగ్గురికి ఒక సీసా సరిపోతుంది. 21 ఏళ్లు నిండనివారికి పోయకూడదు, తాగినవారు బండి ముట్టుకోకూడదు.

తిండి ఆఖర్న. నువ్వుల అరిసె, బాదం వేసిన క్రిస్మస్ కేకు, వేయించిన పలాస జీడిపప్పు బాగా కుదురుతాయి. మాడుగుల హల్వా కూడా మంచిదే. నెయ్యి నాలుకకి పట్టేస్తుంది కాబట్టి చిన్న ముక్క చాలు, బీరులోని గ్యాస్ దాన్ని కడిగేస్తుంది. వంజరం వేపుడు చేస్తే కారం తగ్గించి మిరియాలు వేయండి. కారం, ఆల్కహాల్ రెండూ నోట్లో ఒకే మంటని రేపుతాయి. చింతపండు పులుసులు మాత్రం వద్దు, ఆ పులుపు ముందు మాల్ట్ తీపి చప్పబడిపోతుంది.