చదివింది బుర్రకెక్కడం లేదా? ముందు నిద్ర సంగతి చూడండి

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో వినబడే మాటలివే: రాత్రి నిద్ర పట్టదు, చదివింది నిలవదు, కదిపితే చిరాకు. మూడింటికీ మూలం చాలాసార్లు ఒక్కచోటే ఉంటుంది. అందుకే ముందు నిద్ర సరిచేయండి. ఫోన్ లాక్కోవడంతో మొదలుపెడితే ఇంట్లో గొడవ తప్ప ఏమీ మిగలదు.

సమస్య: పదకొండుకి పడుకున్నా ఒంటిగంట దాకా నిద్ర రాదు

కారణం: టీనేజీలో నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోన్ పెద్దవాళ్ల కన్నా ఆలస్యంగా మొదలవుతుంది. ఇది బద్ధకం కాదు, వయసు. దానికి తోడు దుప్పటి కింద ఫోన్. దాని వెలుతురు కన్నా అందులో చూసేదే ఎక్కువ చెడగొడుతుందని నా అభిప్రాయం. క్లాస్ గ్రూపులో ఎవరికెన్ని మార్కులో చూసుకున్నాక ఎవరికి నిద్ర పడుతుంది? ఇక ఆదివారం పదకొండింటి దాకా పడుకుంటే ఆ రాత్రి నిద్ర ఇంకా వెనక్కి పోతుంది.

పరిష్కారం: పడుకునే టైమ్ గురించి పోరొద్దు, లేచే టైమ్ ఖాయం చేయండి. ఆదివారమైనా గంటకు మించి తేడా ఉండకూడదు. లేవగానే కాసేపు డాబా మీద వెలుతురులో తిరగాలి. ఫోన్లన్నీ రాత్రి హాల్లోనే ఛార్జింగ్ పెట్టాలి, అమ్మానాన్నలవి కూడా. అలారం కోసం మామూలు గడియారం చాలు. సాయంత్రం నాలుగు దాటాక టీ, కాఫీ వద్దు. ఒంట్లో చేరిన కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. ఎంతకీ నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి, మసక వెలుతురులో కూర్చుని, కళ్లు మూతలు పడ్డాకే మళ్లీ పడుకోవాలి. మొదటి వారం కష్టంగానే ఉంటుంది, వదిలేయకండి.

సమస్య: ఎంత చదివినా గుర్తుండదు

తొమ్మిదింటి క్లాసులో నోట్స్ రాస్తూనే పెన్ను కిందికి జారి, కాగితం మీద వంకర గీత పడే పిల్లల్ని చూస్తుంటాను. పగలు చదివింది మెదడులో కుదురుకునేది ప్రధానంగా నిద్రలోనే. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. హాస్టల్లో రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, మళ్లీ ఐదింటికి బెల్లు అంటే ఇక నిద్ర ఎక్కడ? ఇది పిల్లల తప్పు కాదు. నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్లి యాజమాన్యాన్ని అడగాల్సిన విషయం. అప్పటిదాకా భోజనం తర్వాత 20 నిమిషాల కునుకు తీయనివ్వండి. పరీక్ష ముందు నైట్ అవుట్ మాత్రం అస్సలు వద్దు.

సమస్య: ఊరికే టెన్షన్, చిన్న మాటకే ఏడుపు

కారణం: నిద్ర తగ్గితే భయం, కోపం అదుపులో ఉండవు. పైగా ఒంటికి కదలిక ఉండదు. గ్రౌండే లేని కాలేజీల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా బెంచీ మీదే కూర్చుంటారు.

పరిష్కారం: 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంత కుదరకపోతే అరగంటతోనే మొదలుపెట్టండి. షటిల్, స్కిప్పింగ్, సైకిల్, ఏదైనా సరే, చెమట పట్టాలి. సాయంత్రం ఆడిన రోజు రాత్రి నిద్ర కూడా తేలిగ్గా పడుతుంది.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే

నీరసం వదలకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. దిగులు రెండు వారాలు దాటినా, ఇష్టమైనవి కూడా మానేసినా డాక్టర్‌కి చూపించాలి. "నేను లేకపోతేనే నయం" లాంటి మాట వినబడితే ఒక్క రోజు కూడా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలు మాట్లాడనంటే ముందు మీరే చేసి, ఏం చేయాలో అడగండి.