ఉబుంటు అప్‌గ్రేడ్ బటన్ నొక్కే ముందు

ఉబుంటు 25.10తో దాని డెస్క్‌టాప్ గ్నోమ్‌లో ఎక్స్11 సెషన్ పోయింది. విండోలను తెర మీద చూపించే పాత పద్ధతి అది. తెర తేడా చేస్తే లాగిన్ పేజీలో గేర్ గుర్తు నొక్కి "ఉబుంటు ఆన్ జార్గ్"లోకి, అంటే ఎక్స్11లోకి, వెళ్ళిపోవడం మనకు అలవాటు. ఇక ఆ దారి లేదు, ఉన్నది దాని బదులు వచ్చిన వేలాండ్ ఒక్కటే.

1987 నాటి ఎక్స్11 తలుపుల్లేని ఉమ్మడి ఇల్లు. ఏ ప్రోగ్రామైనా పక్క విండోలో ఏముందో చూడొచ్చు, అక్కడ నొక్కే కీలు కూడా వినొచ్చు. వేలాండ్‌లో ప్రతి విండో తన బొమ్మను తన బఫర్‌లోనే, అంటే మెమరీలో తనకిచ్చిన చోటులోనే, గీసుకుంటుంది. వాటన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి తెర మీదికి పంపేది కాంపోజిటర్. పక్కవాళ్ళ బఫర్ ఎవరికీ కనబడదు. అందుకే అప్‌గ్రేడ్ తర్వాత మొరాయించేవి ఎక్కువగా ఇన్నాళ్ళూ పక్కింట్లోకి తొంగిచూసి పనిచేసినవే: స్క్రీన్ షేరింగ్, రిమోట్ డెస్క్‌టాప్, మన బదులు కీలు, మౌస్ నొక్కే ఎక్స్‌డూటూల్ స్క్రిప్టులు.

ముందుగా సెట్టింగ్స్‌లో అబౌట్ కింద సిస్టమ్ డీటెయిల్స్ తెరిచి, "విండోయింగ్ సిస్టమ్" దగ్గర ఏముందో చూడండి. వేలాండ్ అని ఉంటే సగం టెన్షన్ తీరినట్టే. ఎక్స్11 అని ఉంటే ఇప్పుడే అప్‌గ్రేడ్ చేయకండి. మీ పాత ఉబుంటు 24.04లోనే వేలాండ్ సెషన్ ఎంచుకుని ఒక వారం ఆఫీసు పని చేసి చూడండి. నేను ఆ వారం ఆగలేదు. మర్నాడే కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తే అవతలివాళ్ళకు నల్లటి తెర, దాని మీద తిరుగుతున్న మౌస్ బాణం. ఆ యాప్ పాతది, వేలాండ్‌లో తెర బొమ్మను యాప్‌లకు అందించే పైప్‌వైర్ ద్వారా తెరను అడగడం దానికి రాదు. అదే మీటింగ్‌ను బ్రౌజర్‌లో తెరిస్తే సరిపోయింది.

ఎన్‌విడియా కార్డు ఉన్నవాళ్ళు డ్రైవర్ నంబర్ చూసుకోవాలి. మినుకుమినుకుమనే విండోల బెడద చాలావరకు తీరింది 2024లో 555 డ్రైవర్ వచ్చాకే. జీటీ 710 లాంటి పాత కార్డులకు డ్రైవర్ 470తోనే ఆగిపోయింది. అవి ఉంటే 24.04లోనే ఉండండి, లేదా ఎక్స్11 మీదే నడిచే జుబుంటుకు (ఉబుంటులోనే మరో డెస్క్‌టాప్ ఉన్న రకం) మారండి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూసి "బాగానే ఉందిగా" అనుకోవద్దు. అందులో నడిచేది నువో అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్, మీరు వేసుకున్న ఎన్‌విడియా డ్రైవర్ కాదు.

తెలుగు టైపింగ్ కూడా చూసుకోండి. ఐబస్ అనే టైపింగ్ సాధనంతో టైప్ చేసేవాళ్ళు రోజూ వాడే ప్రతి యాప్‌లో ఒక్కసారి "స్త్రీ" కొట్టి చూడండి. కొన్ని ఎలక్ట్రాన్ యాప్‌లు (లోపల బ్రౌజర్ పెట్టుకుని నడిచేవి) వేలాండ్ మోడ్‌లో ఐబస్‌ను పట్టించుకోవు. ఇన్‌స్క్రిప్ట్‌ను కీబోర్డ్ లేఅవుట్‌గా పెట్టుకున్నవాళ్ళకు ఈ గొడవ లేదు.

తేడా వస్తే వెనక్కి వెళ్ళేందుకు టైమ్‌షిఫ్ట్ అనే యాప్‌తో సిస్టమ్ స్నాప్‌షాట్ తీసుకోండి, ఫైళ్ళను విడిగా వేరే డిస్కులోకి కాపీ చేయండి. అప్‌గ్రేడ్ అయ్యాక తెర నల్లగా ఉండిపోతే పవర్ బటన్ జోలికి పోకుండా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. చాలాసార్లు పడిపోయింది బొమ్మ గీసే భాగమే, లోపల సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది. అప్పుడు వచ్చే అక్షరాల తెరలో లాగిన్ అయి డ్రైవర్ మళ్ళీ వేసుకోవచ్చు.