పిల్లల చదువుకు క్యాష్‌బ్యాక్ – నాలుగవ పాఠం: 412 రూపాయలు ఎక్కడికి పోయాయి?

క్రెడిట్ కార్డుతో కొన్నప్పుడు బ్యాంకు తిరిగి ఇచ్చే కొంత శాతాన్ని, అంటే క్యాష్‌బ్యాక్‌ను, పిల్లల చదువుకు దాచుకోవడం గురించిన పాఠాలు ఇవి. ఈ పాఠంలో కార్డుల వార్షిక రుసుము గురించి చెబుతానని కిందటిసారి మాట ఇచ్చాను. ఆ మాటను ఒక పాఠం వాయిదా వేస్తున్నాను. మూడవ పాఠం చివర ఇచ్చిన అభ్యాసాన్ని చేసి, తమ బిల్లులను నాకు చూపించినవారిలో చాలామంది ఒకే చోట కాలు జారారు. అందులో సగం తప్పు నాది. ‘నెలలో వచ్చిన క్యాష్‌బ్యాక్‌ను బిల్లులోంచి వేరుచేసి చదువు ఖాతాకు పంపండి’ అని నేను రాశాను. వేరుచేయడమంటే చెల్లించవలసిన మొత్తంలోంచి తీసివేయడమని వారు అర్థం చేసుకున్నారు. నేను రాసిన వాక్యాన్ని మళ్లీ చదువుకుంటే, అలా తప్ప ఇంకోలా అర్థం చేసుకోవడమే కష్టమనిపించింది.

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక గృహిణి తన లెక్కల పుస్తకం, రెండు బిల్లులు పంపారు. కిరాణా, పాలు, కరెంటు బిల్లు, అమ్మాయి నోటు పుస్తకాలు, ఇలా ప్రతి ఖర్చుకూ ఒక గడి గీసి, చివరి గడిలో క్యాష్‌బ్యాక్‌ను ఎర్ర సిరాతో రాసుకున్నారు. ఆన్‌లైన్‌లో కొన్న 4,300 రూపాయలకు 5 శాతం చొప్పున 215, బయట కార్డు గీకిన 19,700 రూపాయలకు 1 శాతం చొప్పున 197, మొత్తం 412. నేను నేర్పిన పద్ధతిని ఇంత శ్రద్ధగా పాటించినవారు మరొకరు లేరు. జూలై 12న వచ్చిన బిల్లు 24,000 రూపాయలు. డ్యూ డేట్, అంటే కట్టవలసిన ఆఖరి తేదీ, ఆగస్టు 1. జూలై 16న యాప్‌లో 412 జమ కనిపించింది. ఆమె జూలై 30న బ్యాంకుకు 23,588 రూపాయలు కట్టి, మరునాడు పోస్టాఫీసుకు వెళ్లి మిగిలిన 412లో 400 రూపాయలను అమ్మాయి పేర ఉన్న సుకన్య సమృద్ధి పొదుపు ఖాతాలో వేశారు. ఆగస్టు 12 బిల్లులో ‘ఫైనాన్స్ ఛార్జెస్’ (వడ్డీ) అనే పంక్తి, దాని కింద జీఎస్టీ పంక్తి వచ్చాయి. ‘ఇదేమిటండీ, నేను అప్పు పెట్టలేదు కదా’ అని అడిగారు.

పెట్టారు, అమ్మా. 412 రూపాయలు పెట్టారు. ఎలాగో చూద్దాం.

బిల్లు తేదీ నాడు బ్యాంకు ఒక గీత గీస్తుంది. ఆ గీతకు ముందు జరిగిన కొనుగోళ్లు, జమలు మాత్రమే ఆ బిల్లులోకి వస్తాయి. జూలై 16న జమైన క్యాష్‌బ్యాక్ గీతకు ఇవతల పడింది కాబట్టి, అది ఆగస్టు 12 బిల్లును తగ్గిస్తుంది. జూలై 12 బిల్లు అప్పటికే 24,000 వద్ద స్థిరపడిపోయింది. ఆ తరువాత వచ్చిన క్యాష్‌బ్యాక్‌ను ఆ బిల్లుకు చెల్లింపుగా లెక్కపెట్టబోమని నిబంధనలలో రాసుకున్న బ్యాంకులు తక్కువేమీ కాదు. ఆమె బ్యాంకు అటువంటిదే. కనుక బ్యాంకు లెక్కలో 24,000కు 23,588 మాత్రమే వచ్చింది.

ఇదే తప్పును ఇంకో దారిలో చేసినవారు గుంటూరు బ్రాడీపేటలో ఉన్నారు. ఆయనకు క్యాష్‌బ్యాక్ బిల్లు తేదీకి మూడు రోజుల ముందే జమైంది. అంటే బిల్లులో కనిపించే ‘టోటల్ అమౌంట్ డ్యూ’లో (కట్టవలసిన పూర్తి మొత్తంలో) దానిని బ్యాంకు ముందే తగ్గించి చూపించింది. ఆయన దానిలోంచి మళ్లీ తీసివేశారు. ఒకరికి ఇంకా తగ్గని మొత్తాన్ని తగ్గించడం, మరొకరికి తగ్గిన మొత్తాన్నే రెండోసారి తగ్గించడం. ఫలితం ఇద్దరికీ ఒక్కటే.

కొన్ని వందల రూపాయలు తక్కువ పడితే ఏమవుతుందని అనుకునేవారికోసం ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ విషయంలో నాకు ఓపిక తక్కువ. తక్కువ కట్టినందుకు శిక్ష ఆ 412 మీద వడ్డీతో ఆగదు. పాత బిల్లులో ఎంత చిన్న మొత్తం మిగిలినా, కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు రద్దవుతుంది. ఈ సంగతిని ఖాతాదారుకు ఉదాహరణలతో వివరించి చెప్పాలని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21న జారీ చేసిన ఆదేశాలలో చెప్పింది. ఆ ఉదాహరణలు కార్డుతో పాటు వచ్చే కాగితాలలో ఉంటాయి, కానీ కార్డును ఊడదీసుకుని ఆ కాగితాలను పాత పేపర్లలో వేసేవారే ఎక్కువ.

ఆమె తరువాతి నెల ఖర్చులనే, తేదీలను కాస్త సర్దుకుని లెక్క కడదాం. జూలై 15న 6,000, జూలై 20న 9,000, ఆగస్టు 5న 9,000. వడ్డీ నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. ఆగస్టు 12 వరకు మొదటి మొత్తానికి 28 రోజులు, రెండవదానికి 23, మూడవదానికి 7. మొత్తాలను రోజులతో గుణించి కూడితే 4,38,000 వస్తుంది, దానిని 0.42తో గుణించి 365తో భాగిస్తే 504 రూపాయలు. ఆగస్టు 12 బిల్లులో కనిపించేది ఇది. ఆ బిల్లు మొత్తాన్ని ఆమె సెప్టెంబరు 1న పైసాతో సహా కట్టారనుకోండి. ఆగస్టు 12 నుంచి సెప్టెంబరు 1 వరకు 24,000 మీద 20 రోజుల వడ్డీ 552 రూపాయలు సెప్టెంబరు 12 బిల్లులో వస్తుంది. మొత్తం కట్టేశాక కూడా ఇంకో నెల వడ్డీ ఎందుకు వచ్చిందని ముగ్గురు అడిగారు. జవాబు ఇదే, వడ్డీ రెండు బిల్లుల మధ్య చీలి వస్తుంది. రెండూ కలిపి 1,056, దానిపై 18 శాతం జీఎస్టీ 190, వెరసి 1,246 రూపాయలు. మూడు నెలల క్యాష్‌బ్యాక్ పోగా, పైన ఇంకో పది రూపాయలు చేతినుంచి పడ్డాయి. పాత బిల్లులోని కొనుగోళ్లపైనా కొన్న తేదీనుంచే వడ్డీ వేసే నిబంధన చాలా కార్డులకు ఉంది. దానిని నేను ఈ లెక్కలో కలపనే లేదు.

అసలుకంటే వడ్డీ ముద్దు అన్న సామెత అప్పు ఇచ్చినవాడి నోటినుంచి వచ్చింది. కార్డు విషయంలో ఆ అప్పు ఇచ్చినవాడు బ్యాంకు. 30 శాతానికి మించి వడ్డీ వేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న ఆ తీర్పును కొట్టివేసింది. కాబట్టి ఆ పరిమితి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇందులో చిక్కుకున్నవారు చేయవలసింది ఒక్కటే. బిల్లులో వడ్డీ పంక్తి పూర్తిగా మాయమయ్యేవరకు, అంటే కనీసం రెండు బిల్లులు, ఆ కార్డుతో ఏమీ కొనకండి. వచ్చిన బిల్లు మొత్తాన్ని వచ్చిన రోజే కట్టండి. నా మటుకు నేను చిక్కులో లేనప్పుడు కూడా డ్యూ డేట్ కోసం ఎదురుచూడను. బిల్లు వచ్చిన సాయంత్రమే కట్టేస్తాను. ఇరవై రోజులు డబ్బును పొదుపు ఖాతాలో ఉంచుకుంటే వచ్చే వడ్డీని వదులుకుంటున్నానని ఒక మిత్రుడు నన్ను వెక్కిరిస్తాడు. ఆ కొద్ది రూపాయలకంటే నా నిద్ర ఖరీదైనది. మరచిపోయే అలవాటున్నవారు ఆటో డెబిట్ పెట్టుకోవచ్చు, కానీ అక్కడ ‘టోటల్ డ్యూ’ (పూర్తి మొత్తం), ‘మినిమం డ్యూ’ (కనీస మొత్తం) అని రెండు ఎంపికలు ఉంటాయి. రెండవదాన్ని నొక్కినవారి సంగతి ఇంకో పాఠమంత అవుతుంది.

ఇక సరైన పద్ధతి. చెల్లింపులు రెండు, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. బిల్లులో ఉన్న మొత్తం, యథాతథంగా, బ్యాంకుకు. క్యాష్‌బ్యాక్‌కు సమానమైన మొత్తం, మీ జీతం ఖాతానుంచి, చదువు ఖాతాకు. ‘అప్పుడు 412 నా జేబులోంచే పోయినట్లు కదా’ అని సత్యనారాయణపురం అమ్మగారు అడిగారు. ఈ నెల పోయినట్లే ఉంటుంది. వచ్చే నెల బిల్లు 412 తక్కువగా వచ్చి దానిని పూడుస్తుంది. రైతు బజారులో కిలో వంకాయలకు వేసిన కొసరు సంచిలో కలిసిపోయినట్లు, క్యాష్‌బ్యాక్ బిల్లులో కలిసిపోతుంది. మీరు చేత్తో తీసి పక్కన పెడితే తప్ప అది పొదుపు కాదు. అమెరికాలో 529 పథకం అనే చదువు ఖాతాలోకి క్యాష్‌బ్యాక్‌ను నేరుగా పంపే కార్డులు ఉన్నాయి. మన కార్డులలో అది సాధారణంగా బిల్లులోనే సర్దుబాటు అవుతుంది కాబట్టి ఆ పని మన చేతుల మీదుగా జరగాలి.

ఏ ఖాతా అన్నది రెండవ పాఠంలో చెప్పాను, ఇక్కడ రెండు ముక్కలే. సుకన్య ఖాతాలో జమ 50 రూపాయల గుణిజాలలో ఉండాలి కాబట్టి 412 వస్తే నేను 400 వేయను, 450 వేయమంటాను. నెలనెలా 5వ తేదీలోపు వేస్తేనే ఆ నెల వడ్డీ లెక్కలోకి వస్తుంది. ఏడాదికి 5,400 చొప్పున, ప్రతి ఏడాది చివర ఒకేసారి వేసినట్లు తక్కువ చేసి లెక్కించినా, ఇప్పటి 8.2 శాతం అలాగే కొనసాగితే 15 ఏళ్లకు 1,48,000 దాటుతుంది. ప్రభుత్వం ఈ వడ్డీని మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. అబ్బాయిలున్నవారికి పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ (పీపీఎఫ్), అక్కడా 5వ తేదీ నియమమే.

క్యాష్‌బ్యాక్ అసలే రాలేదని చెప్పినవారి బిల్లులు కూడా చూశాను. తప్పు వారి దగ్గర లేదు, కొన్న చోటులో ఉంది. ప్రతి దుకాణానికీ కార్డు వ్యవస్థలో ఒక నాలుగంకెల కోడ్ ఉంటుంది. పాఠశాలలకు 8211, కళాశాలలకు 8220, పుస్తకాల దుకాణాలకు 5942. చాలా క్యాష్‌బ్యాక్ కార్డులు విద్యా రుసుములను, అద్దెను, పెట్రోలును లెక్కలోంచి తప్పిస్తాయి. చదువు కోసం దాస్తున్న కార్డు చదువు ఫీజుకే పైసా ఇవ్వకపోవడం వింతగా ఉన్నా, నియమం నియమమే. బడి కౌంటరులోనే పుస్తకాలు, యూనిఫాం 6,200 రూపాయలకు కొంటే ఆ ఖర్చు బడి కోడ్ కింద పడి సున్నా వస్తుంది. అవే పుస్తకాలు విజయవాడ ఏలూరు రోడ్డు మీది పుస్తకాల దుకాణంలో దొరికితే 1 శాతం వస్తుంది. లెనిన్ సెంటరులో పాత పుస్తకం సగం ధరకు దొరికితే నోట్లు ఇచ్చి తెచ్చుకోండి, దానిమీద ఎవరి క్యాష్‌బ్యాక్ అవసరం లేదు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మా అబ్బాయిని ఇంటర్‌లో చేర్చినప్పుడు, గుంటూరు అవతల ఒక రెసిడెన్షియల్ కళాశాలలో 60,000 రూపాయల మొదటి వాయిదాకు ఉత్సాహంగా కార్డు ఇచ్చాను. కౌంటరులోని కుర్రవాడు చీటీ మీద అంకె పక్కన పెన్సిలుతో ‘+2%’ అని రాసి, ‘సరేనా సార్’ అన్నాడు. 1 శాతం తిరిగి వస్తుంది కదా, పోయేది 600 మాత్రమే అని మనసులో లెక్క వేసుకుని సరే అన్నాను. నెల తరువాత బిల్లు చూస్తే తిరిగి వచ్చింది సున్నా, పోయింది 1,200. ఆ చీటీ ఇప్పటికీ నా కార్డుల కవరులో ఉంది. వేరే యాప్‌ల ద్వారా ఫీజు కడితే కొన్ని బ్యాంకులు తామే 1 శాతం రుసుము వేస్తున్నాయి; నేరుగా కళాశాల యంత్రం మీద గీకితే ఆ రుసుము వేయనివి ఉన్నాయి. ఏదైనా, ఫీజును బ్యాంకు ఖాతానుంచే కట్టడం నా పద్ధతి. కార్డు కిరాణాకు, కరెంటుకు, మందులకు.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమైనది ఇస్తున్నాను. మీ గత మూడు బిల్లులను తీసి, ప్రతి పంక్తి పక్కన మూడు గడులు గీయండి: కొన్న తేదీ, మీరు అనుకున్న క్యాష్‌బ్యాక్, నిజంగా వచ్చిన క్యాష్‌బ్యాక్. తేడా వచ్చిన ప్రతి పంక్తికీ కారణం రాయండి. ‘తెలియదు’ అని రాయడానికి వీల్లేదు, బ్యాంకుకు ఫోన్ చేసి అడగండి. తరువాత, చివరి బిల్లులో 100 రూపాయలు తక్కువ కట్టారని ఊహించుకుని, ఆ తరువాతి నెల కొనుగోళ్ల మీద వడ్డీని నేను చేసిన పద్ధతిలోనే రోజులతో గుణించి కట్టండి, మీ కార్డు వడ్డీ శాతంతో. కాలిక్యులేటర్ వాడవచ్చు, యాప్ వద్దు. సత్యనారాయణపురం అమ్మగారు ఇది చేయనక్కరలేదు; ఆమె సెప్టెంబరు 12 బిల్లు వచ్చాక అందులో 552 ఉందో లేదో చూసి చెబితే చాలు.