హాస్టల్ రెప్‌గా (పిల్లల తరఫున మాట్లాడే ప్రతినిధిగా) అప్లై చేయడం, 3వ భాగం: "మీరే ఎందుకు?" అన్న ఆ ఒక్క పేజీ

పోయిన భాగంలో ఒక పని చెప్పాను, గుర్తుంది కదా. మీ ఫ్లోర్‌లో రూము రూముకీ వెళ్లి, ఎవరికి ఏ ఇబ్బంది ఉందో అడిగి నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. అది చేసి ఉంటే ఈ పాఠం సగం అయిపోయినట్టే. చేయనివాళ్లు ఈ రాత్రి భోజనాలయ్యాక ఒక గంట తిరగండి, ఆ నోట్సు పక్కన పెట్టుకుని మిగతాది చదవండి, లేకపోతే కింద చెప్పేదంతా గాల్లో మాటల్లా అనిపిస్తుంది.

ఇవాళ రాయబోయేది దరఖాస్తులో అసలు పేజీ. అనంతపురంలో మీరు ఎస్కేయూలో (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో) ఉన్నా, జేఎన్‌టీయూలో ఉన్నా, టౌన్‌లో ఏదో కాలేజీ హాస్టల్‌లో ఉన్నా రెప్‌ని పెట్టే పద్ధతి హాస్టల్‌ని బట్టి మారుతుంది. ఒకచోట పిల్లలే ఎన్నుకుంటారు, ఒకచోట వార్డెన్ పేర్లు తీసుకుని పిలిపించి మాట్లాడతారు. మీ దగ్గర కాగితం అడగకపోయినా ఈ పేజీ రాసుకోండి. రేపు నోటితో చెప్పాల్సింది కూడా ఇదే.

మామూలుగా మొదటి డ్రాఫ్ట్ ఇలా వస్తుంది: "నాకు చిన్నప్పటి నుంచి నాయకత్వ లక్షణాలు ఉన్నాయి. నేను కష్టపడి పనిచేస్తాను. అందరితో కలిసిపోతాను. అవకాశం ఇస్తే హాస్టల్ అభివృద్ధికి కృషి చేస్తాను."

ఇందులో అబద్ధం ఏమీ ఉండకపోవచ్చు. కానీ ఈ నాలుగు వాక్యాల కింద మీ పేరు తీసేసి పక్క రూము అబ్బాయి పేరు పెట్టినా తేడా తెలియదు, వార్డెన్ టేబుల్ మీద ఇలాంటి కాగితాలే ఒకదాని మీద ఒకటి ఉంటే మీది ఆయనకు ఎందుకు గుర్తుంటుంది చెప్పండి. కాబట్టి గుణాలు రాయొద్దు. మీ హాస్టల్‌లో ఒక్క సమస్య తీసుకోండి, దాన్ని మొదటి నుంచి చివరిదాకా మీరు ఎంత అర్థం చేసుకున్నారో రాయండి. చదివేవాళ్లకు మీ గుణాలు అందులోనే కనిపిస్తాయి.

ఏ సమస్య? నోట్స్ తిరగేయండి. ఎక్కువమందికి తగిలేది, దాంట్లో కొంత భాగమైనా ఒక స్టూడెంట్ చేతిలో ఉండేది, అలాంటిది కావాలి. ఈ రెండోది చాలామంది చూడరు. నీళ్లనే తీసుకోండి. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వానే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, ఎండాకాలంలో బోరు నోరెండితే ఏ రెప్ వచ్చి నీళ్లు తెస్తాడు? "నీటి సమస్య శాశ్వతంగా పరిష్కరిస్తాను" అని రాస్తే చదివే సార్‌కి ఆ మాట బరువు లేనిదని వెంటనే తెలిసిపోతుంది. అదే "ట్యాంకర్ ఏ టైముకు వస్తుందో ముందురోజు రాత్రే బోర్డు మీద రాస్తాను, కారుతున్న కుళాయిల లిస్టు ప్రతి సోమవారం కేర్‌టేకర్‌కి ఇస్తాను" అంటే అది జరిగే పని. అమ్మాయిల హాస్టల్ అయితే ఇంకోటి ఉంటుంది. ఆదివారం సాయంత్రం రాయదుర్గం నుంచో మడకశిర నుంచో ఎక్కిన బస్సు లేటైతే గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకానికి నిలబెట్టి అడిగే ప్రశ్నలు. దానికి బస్సు టికెట్ చూపిస్తే చాలు అనే ఒక చిన్న పద్ధతి రాసి ఇవ్వొచ్చు. రంజాన్ నెలలో రోజా ఉండే పిల్లలకు సహరి టైముకు, అంటే తెల్లవారకముందే, తిండి అందడం కూడా అంతే, ఎంతమందో ముందే లెక్క తీసి మెస్‌కి ఇస్తే సగం పని అయిపోతుంది.

నేను మాత్రం మెస్ బిల్లు మీద రాయమంటాను. ప్రతి ఒక్కరూ కట్టేది, ప్రతి ఒక్కరూ తిట్టేది, లెక్క మాత్రం ఎవరో ఒకరికే తెలిసేది. డివైడింగ్ పద్ధతి, అంటే నెల ఖర్చుని హాజరు రోజుల లెక్కన అందరికీ పంచడం, ఉన్న హాస్టల్ అయితే ఆ లెక్క ఇలా ఉంటుంది, అంకెలు ఉదాహరణకు వేసినవి: హాస్టల్‌లో 120 మంది. ఆ నెల బియ్యం, బేడలు, కూరగాయలు, పాలు, గ్యాసు, వంటవాళ్ల జీతం అన్నీ కలిపి ఖర్చు 3,24,000 రూపాయలు. రిజిస్టర్ ప్రకారం అందరి హాజరు రోజులు కూడితే 3,240. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే రోజుకు 100 రూపాయలు. 24 రోజులు హాజరు పడినవాళ్ల బిల్లు 2,400. అంతే.

ఇప్పుడు పండక్కి మూడు రోజులు ఊరికి పోయిన అబ్బాయి మెస్ కట్ (ఆ రోజులు తినను, లెక్కేయొద్దు అని రిజిస్టర్‌లో ముందే చెప్పడం) రాయించలేదనుకోండి. అతను లేకపోయినా ఆ మూడు రోజులూ హాజరు వేసేస్తారు, తినని అన్నానికి మూడు వందల దాకా కడతాడు. అక్కడితో ఆగదు, వంటమనిషి అతన్ని కూడా లెక్కేసుకునే ఎసరు పెడతాడు, మిగిలిన అన్నం బయట పారేస్తారు. కూలికి పోయి డబ్బు పంపే ఇంట్లో మూడు వందలు చిన్న మొత్తం కాదు. ఈ లెక్క అర్థమైనవాళ్లు రెప్ అయితే ఫ్లోర్ మొత్తానికి మేలు జరుగుతుంది, అందుకే దీని మీద ఇంతసేపు చెప్తున్నాను.

ఇప్పుడు పేరా రాద్దాం. ఇది నమూనా, మీ అంకెలు మీరు పెట్టుకోవాలి:

"నేను ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం, రెండో ఫ్లోర్‌లో ఉంటాను. పోయిన వారం మా ఫ్లోర్‌లో 18 మందిని అడిగాను. మెస్ కట్ ఎన్ని రోజుల ముందు రాయించాలో 11 మందికి తెలియదు. తెలిసినవాళ్లలో ముగ్గురు, రిజిస్టర్ ఆఫీసు గదిలో ఉండటం వల్ల, గది తాళం వేసి ఉంటే రాయించకుండానే ఊరికి వెళ్తున్నారు. రిజిస్టర్‌ని మెస్ గుమ్మం దగ్గర పెట్టడానికి అనుమతి ఇస్తే, రోజూ రాత్రి ఎనిమిదికి నేను లెక్క తీసి మరుసటి రోజు ఎంతమందికి వండాలో వంటవాళ్లకు చెప్తాను. నెలాఖరులో మొత్తం ఖర్చు, మొత్తం హాజరు, రోజు రేటు, ఈ మూడూ నోటీసు బోర్డు మీద పెట్టమని కోరుతాను."

చూడండి, ఎక్కడా "నాయకత్వం" అనే మాట లేదు. అడిగాడు, లెక్కపెట్టాడు, అడ్డం ఎక్కడుందో కనిపెట్టాడు, తన వంతు చెప్పాడు, ఆఫీసు నుంచి ఏం కావాలో చెప్పాడు. ఎవరినీ తప్పు పట్టలేదు కూడా. మెస్‌లో దొంగతనం జరుగుతోందని మీకు అనుమానం ఉన్నా ఈ పేజీలో రాయొద్దు, అది వేరే దారిలో, ఆధారంతో చెప్పాల్సింది.

రెండో పేరా మీ గురించి. ఇక్కడే మన పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఆగిపోతారు. "అన్నా, నేనెప్పుడూ లీడర్‌గా చేయలేదు, స్కూల్లో క్లాస్ లీడర్ కూడా కాదు" అంటారు. మరి అమ్మ డ్వాక్రా గ్రూపు పుస్తకం రాసిందెవరు? ఎవరు పొదుపు కట్టారు, ఎవరి కంతు మిగిలింది, పదిమంది ఆడవాళ్ల ముందు చదివి వినిపించి, తేడా వస్తే మళ్లీ కూడి చూపించిన అమ్మాయికి అనుభవం లేదని ఎవరనగలరు? వినాయక చవితికి చందా వసూలు చేసి, మిగిలిన డబ్బు ఊరి ముందు చెప్పిన అబ్బాయి, ఊళ్లో పీర్ల పండక్కి వచ్చినవాళ్లకు నీళ్లూ భోజనాలూ చూసిన అబ్బాయి, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో ఏడు రోజులు వంట సామాను బాధ్యత తీసుకున్నవాళ్లు, వీళ్లంతా సిగ్గుపడకుండా రాయాలి. నిజంగా చెప్తున్నా, సర్టిఫికెట్ ఉన్న నాలుగు సెమినార్ల కంటే ఆ డ్వాక్రా పుస్తకం ఈ పనికి దగ్గర. రెండు మూడు వాక్యాల్లో రాయండి, ఏం చేశారో, ఎవరికి లెక్క చెప్పారో.

మూడో పేరా చిన్నది, కానీ వదలకండి. మీ చేతిలో లేనివి ఏవో మీకు తెలుసని చూపించండి. రూముల కేటాయింపు, ఫైన్లు, శిక్షలు రెప్ పని కాదు. ముఖ్యంగా ర్యాగింగ్. "సీనియర్లకీ జూనియర్లకీ మధ్య గొడవలొస్తే మాలో మేమే సర్దుకునేలా చూస్తాను" అని మంచి మనసుతోనే రాస్తుంటారు. దయచేసి రాయొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. 2009 యూజీసీ నిబంధనల ప్రకారం సమాచారం అందిన 24 గంటల్లో సంస్థ ఎఫ్‌ఐఆర్ దాకా వెళ్లాల్సిన సందర్భాలు ఉన్నాయి. రెప్ దాన్ని రూములో కూర్చుని సర్దితే భయపడ్డ జూనియర్‌కి ఉన్న ఒక్క దారి మూసినట్టు అవుతుంది. ఇలా రాయండి: "ర్యాగింగ్ విషయం నా దృష్టికి వస్తే ఆ రోజే వార్డెన్‌కు చెప్తాను. హెల్ప్‌లైన్ నంబర్ 1800-180-5522 ప్రతి ఫ్లోర్‌లో అంటిస్తాను."

ఇక హాజరు, బ్యాక్‌లాగ్‌లు. స్టూడెంట్ యూనియన్ ఎన్నికల పద్ధతులు చూడటానికి వేసిన లింగ్డో కమిటీ 2006లో, పోటీ చేసేవాళ్లకు 75 శాతం హాజరు ఉండాలనీ, పోటీ చేసే ఏడాదిలో సబ్జెక్టులు మిగిలి ఉండకూడదనీ చెప్పింది. హాస్టల్ రెప్‌కి మీ దగ్గర ఏ రూల్ ఉందో ఆఫీసులో అడిగి తెలుసుకోండి. హాజరు తక్కువుంటే దాచకుండా కారణం ఒక వాక్యంలో రాయండి.

ఇంగ్లీషులో ఇవ్వమంటే టెన్షన్ పడొద్దు, ముందు తెలుగులో రాసుకుని తర్వాత చిన్న చిన్న వాక్యాల్లో మార్చుకోండి. ఒక పేజీ దాటొద్దు.

ఈ వారం పని: మూడు పేరాలూ రాసి, మీకు ఓటు వేయరని అనుకునే ఒకరికి చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ "అదెట్లా కుదురుతుందప్పా?" అని అడిగారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, జవాబు ఇప్పుడే రాయక్కర్లేదు. నాలుగో భాగంలో వార్డెన్ ఎదురుగా కూర్చుని మాట్లాడటం నేర్చుకుంటాం, మొదలుపెట్టేది ఆ గీతల దగ్గరే, కాబట్టి ఆ కాగితం చింపేయకండి.