వికీపీడియాలో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం వ్యాసాన్ని దిద్దే ముందు

• ముందు వ్యాసం చరిత్ర, చర్చ పేజీ చూడండి. మీకు తప్పుగా కనిపించినదాని మీద అప్పటికే వాదన జరిగి ఉండొచ్చు.

• విస్తీర్ణం దగ్గర బాగా ఆగండి. ఉద్యానవనం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ రిజర్వు 4,755. రెండూ ఒకే కొండల్లో ఉండటంతో పెద్ద అంకె వచ్చి చిన్నదాని స్థానంలో కూర్చుంటుంది. నేనూ ఒకసారి అలాగే మార్చేసి, మర్నాడు నాలుక కరుచుకుని వెనక్కి తిప్పాను. అంకె పక్కన అది దేనిదో కూడా రాసుకోండి.

• తిరుపతి జూ వేరు, ఈ అడవి వేరు. రెండింటి పేర్లలోనూ ‘శ్రీవేంకటేశ్వర’ ఉంది కాబట్టి ఫొటోలు కలిసిపోతాయి. జింక వెనక కంచె తీగ కనిపిస్తోందా? అడవి ఫొటోగా పెట్టకండి.

• జిల్లాల పేర్లు 2022 తర్వాతివేనా? తలకోన ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది, పాత పుస్తకాల్లో చిత్తూరు అని ఉంటుంది.

• ‘ఇక్కడ తప్ప ఎక్కడా లేదు’ అనే మాట కనిపిస్తే అనుమానించాల్సిందే. బంగారు బల్లి తిరుమల కొండల్లో పేరుమోసింది, నిజమే. కానీ తూర్పు కనుమల్లో వేరేచోట్లా, ఒడిశాలోనూ కనిపించింది.

• వార్తను ఆధారంగా ఇస్తుంటే, ఆ విలేకరి ఈ వ్యాసం చూసే రాశాడేమో వాక్యాలు పోల్చి చూడండి. ఇది విసుగు పని, కానీ తప్పదు.

• ఒక్కో సవరణ విడిగా సేవ్ చేయండి. సారాంశంలో కారణం ఒక ముక్క రాయండి.