ఆటిజం ఉన్న బిడ్డకు బడిలో లక్ష్యాలు రాయించుకోవడం ఎలా

మా చిన్నవాడు విశాఖపట్నంలో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి చదువుతున్నాడు. వాడికి మాటలు వచ్చు, కానీ కంగారు పడితే ఒక్క మాటా పైకి రాదు. ఒకటో తరగతిలో బడివాళ్లు వాడి కోసం రాసిన ప్రణాళికలో మూడు వాక్యాలున్నాయి: సామాజిక నైపుణ్యాలు మెరుగుపడాలి, మాట్లాడేటప్పుడు కళ్లలోకి చూడాలి, తరగతిలో కుదురుగా కూర్చోవాలి. నేను చదివి సంతకం పెట్టాను. ఏడాది చివర మూడింటి పక్కనా ‘పురోగతి ఉంది’ అని రాసి ఇచ్చారు. ఆ ఏడాదంతా వాడు బడిలో ఒక్కసారి కూడా బాత్రూముకు వెళ్లలేదు. సాయంత్రం దాకా బిగబట్టుకుని, ఇంటి గుమ్మం ఎక్కగానే పరుగెత్తేవాడు. ఆ సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు.

అప్పటి నుంచి ఏ లక్ష్యం చూసినా నేను అడిగేది ఒకటే. ఇది నెరవేరితే బడిలో వాడి రోజు తేలికవుతుందా, లేక చూసేవాళ్ల కంటికి మాత్రమే బాగుంటుందా? కళ్లలోకి చూడడం రెండో రకం. మా వాడు కిటికీ వైపు చూస్తున్నప్పుడే నా మాట బాగా వింటాడు. అలాంటి లక్ష్యం ఎవరు రాసినా కొట్టేయమని అడగండి. మొహమాటపడకండి.

మొదట ఒక నోటుపుస్తకం పెట్టండి. జూన్‌లో బడి తెరిచిన తరువాత రెండు వారాలు చాలు. బడి రోజును ముక్కలుగా చూడాలి: ఆటో దిగడం, ప్రార్థన, గంట మోగడం, బోర్డు మీది రాత ఎక్కించుకోవడం, భోజనం, ఆటల పీరియడు, సంచి సర్దుకోవడం. టీచరుగారిని పెద్ద నివేదికలు అడగవద్దు. నలభై మంది పిల్లలున్న తరగతిలో ఆవిడకు అంత తీరిక ఉండదు. ఇబ్బంది వచ్చిన రోజున మాత్రం ఏ వేళ, అంతకుముందు ఏం జరిగింది, ఆ తరువాత ఏం చేశాడు అని మూడు ముక్కలు రాయమనండి. మా పుస్తకంలో రెండు వారాల్లో తొమ్మిది ఇబ్బందులు తేలాయి. వాటిలో ఆరు ప్రార్థన మైకు దగ్గర, ఆఖరి పీరియడులోనే వచ్చాయి. అంతకుముందు అందరూ ‘రోజంతా గొడవే’ అనుకునేవారు. మన ఊరి ఉక్కపోత కూడా లెక్కలోకి వస్తుంది. చెమటకు తడిసి మెడకు అంటుకునే కాలరు మా వాడికి లెక్కల కంటే పెద్ద కష్టం. టై మినహాయించమని అడిగితే ఒప్పుకున్నారు.

ఇక్కడే ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. బిడ్డ నేర్చుకోవలసింది లక్ష్యం. బడి మార్చుకోవలసింది సదుపాయం. ఈ రెండూ కలిసిపోతే బరువంతా బిడ్డ మీదే పడుతుంది. ‘మైకు శబ్దాన్ని పది నిమిషాలు ఓర్చుకుంటాడు’ అని ఒకసారి రాశారు. అది లక్ష్యం కాదు, నొప్పిని దాచుకోమనడం. దాని బదులు మేము రెండు వాక్యాలు రాయించాం. ఒకటి బడి చేయవలసింది: ప్రార్థన వేళ వాడు వరండా చివర నిలబడవచ్చు, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకోవచ్చు. రెండోది వాడు నేర్చుకోవలసింది: శబ్దం ఎక్కువైనప్పుడు హెడ్‌ఫోను తనంతట తానే తీసి పెట్టుకోవడం. మన దగ్గర నౌకాదళ విన్యాసాలకు సన్నాహాలు జరిగే రోజుల్లో విమానాలు తరగతుల మీదుగానే దూసుకుపోతాయి. ఆ రోజుల్లో హెడ్‌ఫోను సంచిలో కాకుండా బల్ల మీదే ఉంచాలని కూడా ఆ కాగితంలోనే రాయించాను.

లక్ష్యాలు రెండో మూడో చాలు. పన్నెండు రాస్తే ఒక్కటీ జరగదు. నా వరస ఇది: ముందు ఒంటికి సంబంధించినవి, అంటే బాత్రూము, నీళ్లు, నొప్పి చెప్పడం. తరువాత ‘సాయం కావాలి’, ‘వద్దు’, ‘కాసేపు ఆగుతాను’ అని ఏదో ఒక విధంగా చెప్పగలగడం. మాటతోనే చెప్పాలన్న పట్టుదల వద్దు. కార్డు, బొమ్మ, సైగ ఏదైనా సరే. ఆ తరువాతే చదువు. స్నేహాల విషయంలో నేను తొందరపడను. మా వాడికి బస్సు నంబర్లంటే ప్రాణం. ఆ ఇష్టమున్న ఇంకో పిల్లవాడి పక్కన కూర్చోబెడితే, ఏ లక్ష్యమూ రాయకుండానే కబుర్లు మొదలయ్యాయి. బిడ్డనూ అడగండి. బడిలోని చోట్ల ఫొటోలు ఇచ్చి ‘ఇష్టం’, ‘కష్టం’ అని రెండు డబ్బాల్లో వేయమన్నాను. బాత్రూము ఫొటో అన్నిటికంటే ముందు ‘కష్టం’ డబ్బాలో పడింది. తలుపు గడియ శబ్దానికి భయమని అలా తెలిసింది.

ఇక రాత. ‘సాయం అడగడం నేర్చుకోవాలి’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. మేము ఇలా రాశాం: ‘లెక్కల పీరియడులో పని అర్థం కానప్పుడు, బల్ల మీది పసుపు కార్డును టీచరు వైపు తిప్పుతాడు. ఒక్కసారి గుర్తు చేస్తే చాలు. ఐదు సందర్భాల్లో నాలుగుసార్లు, దసరా సెలవుల లోపు. ఇప్పుడు ఐదింటిలో ఒక్కసారి కూడా అడగడం లేదు. కార్డు తిప్పగానే టీచరు రెండు నిమిషాల్లో దగ్గరికి వస్తారు.’ ఈ చివరి వాక్యాన్ని వదలకండి. కార్డు తిప్పినా ఎవరూ రాకపోతే ఏ బిడ్డ అయినా వారంలో మానేస్తాడు. విదేశాల తల్లిదండ్రులు వాడే జాబితాలు ఫోనులో చాలా దొరుకుతాయి. చదవండి, కానీ ఎత్తి రాయకండి. అవి వేరే బడి రోజును చూసి రాసినవి.

ఈ లక్ష్యాలు రాసుకోవడానికి బడిలో జరిగే సమావేశానికి ఒంటరిగా వెళ్లవద్దు. తరగతి టీచరు, స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకు బోధించడంలో శిక్షణ పొందినవారు), వీలైతే బిడ్డను చూసే థెరపిస్టు ఉండాలి. స్పెషల్ ఎడ్యుకేటర్‌కు, ఇలాంటి నిపుణులను నమోదు చేసే భారత పునరావాస మండలి (RCI)లో నమోదు ఉందో లేదో అడగడం తప్పు కాదు. ప్రభుత్వ బడి అయితే సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పనిచేసే భవిత కేంద్రాల గురించి, అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయుల గురించి మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి.

చట్టం మీ వైపు ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలని, బిడ్డ అవసరానికి తగిన మార్పులు చేయాలని, పురోగతిని గమనించాలని 16వ సెక్షన్ చెబుతుంది. ధ్రువపత్రంలో వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉంటే, 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరలోని బడిలో గానీ కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచిత విద్య హక్కు. రాత పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది పదో తరగతిలో గుర్తొచ్చే సంగతి కాకూడదు. ఇప్పటి నుంచే ప్రణాళికలో ఉండనివ్వండి. చట్టం పేరు నేను మొదటి మాటగా ఎత్తను. నోటుపుస్తకం ముందు తెరుస్తాను. సాధారణంగా అదే సరిపోతుంది. సరిపోకపోతే ప్రధానోపాధ్యాయులకు లేఖ రాసి, అందినట్టు సంతకం తీసుకుంటాను.

దసరాకు ముందు ఒకసారి, సంక్రాంతి తరువాత ఒకసారి అదే కాగితంతో మళ్లీ కూర్చోండి. లక్ష్యం నెరవేరకపోతే ‘వీడు ఎందుకు చేయలేదు’ అని కాదు, ‘మనం ఏ సాయం ఇవ్వలేదు’ అని మొదలుపెట్టమని నేను ముందే కోరతాను. బాత్రూము గడియకు గుడ్డ చుట్టించాక మా వాడు వెళ్లడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ రోజు టీచరుగారు నోటుపుస్తకంలో రాసింది ఒక్క ముక్క: ‘ఇవాళ రెండుసార్లు వెళ్లాడు.’